త్రినేత్ర తాగిన టీ

ఆ ఏడు రాష్ట్రమంతటికీ ఒక కొత్త జబ్బు పట్టుకుంది. పాత ఫ్లాపు సినిమాలను బయటికి లాగి, "అబ్బే, ఆ రోజుల్లో మనవాళ్ళకి అర్థం కాలేదు గానీ ఇది కళాఖండమండీ" అనడం. మొదట కాలేజీ కుర్రాళ్ళు ఫోన్లలో అన్నారు. తరవాత వాళ్ళ మేష్టార్లు పేపర్లలో రాశారు. ఆ తరవాత, విడుదలైన రోజున ఇంటర్వెల్లోనే లేచి ఇంటికి వెళ్ళిపోయిన పెద్దమనుషులు కూడా "మేం అప్పుడే చెప్పాం" అనడం మొదలుపెట్టారు. ఒక సినిమాకి కుర్చీలు విరగ్గొట్టిన ఊళ్ళోనే దానికి స్వర్ణోత్సవం చేశారు. విరగ్గొట్టినవాళ్ళందరికీ గౌరవంగా ముందు వరసలో కుర్చీలు వేశారు.

జనానికి జబ్బు చేస్తే ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు కదా. దానికో కార్యాలయం పెట్టింది. పేరు 'రాష్ట్ర చలనచిత్ర ప్రతిభా పునర్మూల్యాంకన మండలి'. అన్యాయంగా ఫెయిలైన నటులను గుర్తించి, వాళ్ళ నటనను మళ్ళీ దిద్ది, న్యాయం చెయ్యడం దాని పని. మంచి పనే, ఎవరూ కాదనరు. చిక్కల్లా సిబ్బంది దగ్గర వచ్చింది. సినిమా తెలిసినవాళ్ళని వేద్దామంటే వాళ్ళలో వాళ్ళకి పడదు. ఎవరినీ వెయ్యకపోతే ఫైలు కదలదు. చివరికి సచివాలయంలో ఎవరో మేధావి, 'రీవాల్యుయేషన్ పరీక్షల శాఖకు వెన్నతో పెట్టిన విద్య' అని ఫైలు మీద ఒక్క ముక్క రాసి పుణ్యం కట్టుకున్నాడు. అంతే, పరీక్షల కాలం తప్పిస్తే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునే ఒక సెక్షను, బీరువాలతో, ఎర్ర పెన్నులతో సహా డెప్యుటేషన్ మీద సినిమాల్లోకి వచ్చేసింది.

చైర్మన్ డాక్టర్ అనంతపద్మనాభం గారు. పరీక్షల నియంత్రణాధికారిగా రిటైరైన మనిషి. ఆయన హయాంలో ఒక్క పేపరు కూడా లీకు కాలేదని చెప్పుకుంటారు. ఆయన జన్మలో ఒక్క సినిమా కూడా చూడలేదని కూడా చెప్పుకుంటారు. నిష్పాక్షికతకి అంతకంటే రుజువేం కావాలి?

ఈ మండలి చేతికి చిక్కిన మొట్టమొదటి అభ్యర్థి మండపేట టెంట్ హౌస్ యజమాని ముమ్మిడి భీమశంకరం.

ఏజెంట్ త్రినేత్ర అంటే ఆ తరంలో తెలియని తెలుగువాడు లేడు. నల్లకోటు, నల్లద్దాలు, ఎడమ కనుబొమ కొంచెం పైకి లేపి చూసే చూపు. ఎనిమిది సినిమాల్లో శత్రువులను మట్టి కరిపించిన గూఢచారి. ఏడింటిలో ఆ వేషం వేసింది సాహస సామ్రాట్ ఉగ్రసేన్. నాలుగో సినిమాకి ముందు మాత్రం పోస్టరు మీద తన బొమ్మ కంటే గుర్రం బొమ్మ పెద్దదిగా పడిందన్న విషయమై ఆయనకీ నిర్మాతకీ మాటా మాటా పెరిగింది. నిర్మాత పంతం కొద్దీ, మద్రాసులో వేషాల కోసం తిరుగుతున్న ఒక నాటకాల కుర్రాణ్ణి పట్టుకొచ్చి నల్లకోటు తొడిగాడు. ఆ కుర్రాడే భీమశంకరం. సినిమా పేరు 'త్రినేత్ర తిరిగొచ్చాడు'. తిరిగొచ్చింది త్రినేత్ర కాదనీ, ఇంకెవరో అనీ జనం రెండో ఆటకల్లా తేల్చేశారు. అయిదో సినిమాకి ఉగ్రసేన్ గుర్రాన్ని క్షమించి వెనక్కి వచ్చేశాడు. భీమశంకరం మండపేట వెళ్ళిపోయి షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టుకున్నాడు. ఇప్పుడాయనకి డెబ్బై దాటాయి.

ఫ్లాపైనందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. సినిమా బాగాలేదని ఆయనకీ తెలుసు. బాధల్లా ఒక్క సీను గురించి.

రైల్వే స్టేషన్లో, టీ కొట్టు పక్కన, శత్రువు దిగబోయే బండి కోసం త్రినేత్ర ఎదురుచూస్తూ టీ తాగుతాడు. మాట లేదు, పాట లేదు, ఫైటు లేదు. ఆ పొద్దున యూనిట్‌కి టీ తెచ్చే మనిషి రాలేదు. స్టేషను వాళ్ళిచ్చిన గడువు అయిపోతోంది. డైరెక్టరు జుట్టు పీక్కుంటున్నాడు. ఖాళీ స్టీలు గ్లాసు ఒకటి భీమశంకరం చేతిలో పెట్టి కెమెరా తిప్పేశారు. ఆయన ఆ ఖాళీ గ్లాసులో పొగలు కక్కే టీ చూశాడు. అంచు పట్టుకున్నాడు, వేళ్ళు కాలితే చెయ్యి మార్చాడు. ఊదాడు. ఒక గుక్క తాగి, పై పెదవికి అంటుకున్న మీగడని బొటనవేలితో తుడుచుకున్నాడు. కళ్ళు మాత్రం పట్టాల మీదే ఉన్నాయి. ఆ టీ వేడి ఆయన నాలుకకి ఇప్పటికీ తెలుసు.

నటన అంటూ తను చేసింది ఏదైనా ఉంటే అదొక్కటే అని ఆయన నమ్మకం. కానీ ఆ సీను గురించి ఇన్నేళ్ళలో ఒక్క మనిషి ఒక్క మాట అనలేదు. తనే నోరు విడిచి చెప్పి చూశాడు. చెప్పాక చూసినవాళ్ళంతా "అవునవును, ఖాళీ గ్లాసేనండోయ్, తెలిసిపోతోంది" అన్నారు. దాంతో చెప్పడం మానేశాడు. తను చెప్పకుండానే, తెలిసినవాడెవడైనా ఆ సీను చూసి "ఇక్కడ బాగా చేశావయ్యా" అనాలి. పోయేలోగా ఒక్కసారి. అంతకు మించి ఆయనకి కోరికలు లేవు.

మండలి నుంచి కబురొచ్చిన రోజున భీమశంకరం భార్య వరహాలమ్మ షామియానాల చిరుగులు కుడుతోంది.

"హాల్ టిక్కెట్టంటన్నారేటండీ? ఈ వయసులో మళ్ళీ ఏం పరీక్ష కట్టారు?" అంది, ఆయన చేతిలోది చూసి.

"పరీక్ష కాదే. నా సినిమా మళ్ళీ చూస్తారంట. బాగుంటే 'పునర్నటరత్న' అని బిరుదిచ్చి, శాలువా కప్పి, ఉగ్రసేన్ గారి పటం పక్కన నా పటం కడతారంట."

"మొదటిసారి చూసినోళ్ళు చేసింది చాల్లేదా?"

"అప్పుడు చూసింది జనం. ఇప్పుడు చూసేది చదువుకున్నోళ్ళు. ఆళ్ళకి తెలుస్తదే. టీ సీను దగ్గర ఆగుతారు చూడు."

"లోటాలో ఏవీ లేపోయినా తాగినట్టు కూకోడం కూడా ఓ ఇద్యేటండీ? మా ఇంట్లో చిన్నప్పుడు రోజూ అందరం అదే చేసేవోళ్ళం," అంది వరహాలమ్మ. అని, ఆయన మొహం చూసి మనసు కరిగి, పెట్టెలోంచి గంజి పెట్టిన పంచె తీసి ఇచ్చింది.

ఊళ్ళో ఈ వార్త గుప్పుమంది. 'మా త్రినేత్రకు శుభాకాంక్షలు' అని సెంటర్లో ఫ్లెక్సీ వెలిసింది. ఫ్లెక్సీ మీద బొమ్మ మాత్రం ఉగ్రసేన్‌ది. భీమశంకరం బొమ్మ ఎంత వెతికినా దొరకలేదట. ఫ్లెక్సీ కట్టడానికి వెదురు బొంగులు భీమశంకరం షాపులోంచే వెళ్ళాయి.

హైదరాబాదులో మండలి కార్యాలయం గుమ్మంలోనే ఆయన జేబులు తడిమారు. చొక్కా చేతులు పైకి మడిచి చూశారు. చీటీలేమీ దొరక్కపోవడంతో కొంచెం నిరాశపడి లోపలికి వదిలారు. పెద్ద హాలు మధ్యలో ఒంటరిగా ఒక బల్ల, దాని మీద సుద్దతో రాసిన నంబరు. ఎదురుగా తెర. తెర పక్కన వేదిక మీద అనంతపద్మనాభం గారు, ఆయన కుడిపక్కన చీఫ్ ఎగ్జామినర్ గోవర్ధనం. గోవర్ధనం లెక్కల మేష్టారుగా మొదలై పైకొచ్చిన మనిషి. చేతిలో ఎర్ర పెన్ను లేకపోతే ఆయనకి ఊపిరాడదు.

"అభ్యర్థీ!" అన్నారు చైర్మన్ గారు లేచి. "మీకు జరిగిన అన్యాయమును సరిదిద్దుటకు ఈ మండలి కంకణబద్ధమై యున్నది. అయితే న్యాయము జరుగుటకు ముందు నిబంధనలు జరగవలెను. మీ చలనచిత్రమును జవాబు పత్రముగా స్వీకరించి, మార్కింగ్ స్కీము ప్రకారము దిద్దెదము. ఉత్తీర్ణతకు ముప్పది అయిదు. రీవాల్యుయేషన్‌లో మార్కులు పెరిగిననూ తగ్గిననూ అవియే తుది మార్కులు. సమ్మతమేనా?"

"చిత్తం. స్టేషన్లో ఒక సీనుందండి, అదొక్కటీ కొంచెం..."

"అభ్యర్థి ఎగ్జామినర్లను ప్రభావితము చేయరాదు," అన్నాడు గోవర్ధనం.

సినిమా మొదలైంది.

జవాబు పత్రం దిద్దాలంటే 'కీ' ఉండాలి. త్రినేత్ర సినిమాలకి కీ ఏమిటా అని మండలి తలబద్దలు కొట్టుకుని, ఉగ్రసేన్ వేసిన ఏడు సినిమాలనూ కీ కింద ఖరారు చేసింది. ఉగ్రసేన్ చేసినట్టు చేస్తే రైటు, లేకపోతే తప్పు.

"ఆపండి," అన్నాడు గోవర్ధనం కాసేపటికే. "తుపాకీ తీయుటకు ముందు ఎడమ కనుబొమ లేపవలెను. అభ్యర్థి లేపలేదు." ఎర్ర గీత పడింది. "బాంబు ఎదుట చిరునవ్వు నవ్వవలెను. అభ్యర్థి నవ్వకపోగా బాంబు వైపు చూచినాడు."

"బాంబండీ అది! చూడకపోతే తీగ ఎలా తెంపుతానండి?" అన్నాడు భీమశంకరం.

గోవర్ధనం ఆలోచించాడు. "స్టెప్పులు తప్పు. కానీ ఆన్సరు రైటే, బాంబు పేలలేదు. ఆన్సరుకి మాత్రం మార్కులిద్దాం."

ఇలా సాగుతుండగా, భీమశంకరం ఇంకోసారి ఏదో సంజాయిషీ చెప్పబోయాడు. గోవర్ధనం పెన్ను గాల్లో ఆగిపోయింది. తెర వైపు చూశాడు. అభ్యర్థి వైపు చూశాడు. తెర మీద గొంతు కంచు గంట. కుర్చీలో గొంతు గోదావరి జిల్లా పెళ్ళిపందిట్లో "ఆ కుర్చీలు ఇటెయ్యండ్రా" అని అరిచే గొంతు.

"ఆ కంఠము మీదేనా?"

"కాదండి. మద్రాసులో కామేశం గారని, డబ్బింగు చెప్పారండి. నా యాస పనికిరాదన్నారండి."

గోవర్ధనం చైర్మన్ గారి వైపు తిరిగాడు.

"అనగా," అన్నారు చైర్మన్ గారు మెల్లగా, "మీ పరీక్ష వేరొకరు రాసినారు."

"అదేటండీ అలాగంటారు! ఇండస్ట్రీలో సగం మందికి అంతేనండి. అందరూ అలాగే చేసేవారండి."

"మాస్ కాపీయింగ్!" అని చైర్మన్ గారు కుర్చీలో కూలబడ్డారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. ఎవరో తలుపులు మూశారు. స్క్వాడ్ వచ్చింది. స్క్వాడ్ అంటే నలుగురు మనుషులు, కానీ నలభైమంది చూసినట్టు చూస్తారు. ఇంకా ఎవరెవరు తన బదులు ఏమేం రాశారో నిజం చెప్పమన్నారు. భీమశంకరం అబద్ధమాడే మనిషి కాదు. ఫైట్లన్నీ డూపు మస్తాన్ చేశాడని చెప్పాడు. తుపాకీలో గుళ్ళు నింపే చేతులు అసిస్టెంటు డైరెక్టరువని చెప్పాడు. పాటలో మోకాళ్ళ కింది భాగమంతా డాన్సు మాస్టారిదని కూడా ఒప్పేసుకున్నాడు.

మాల్‌ప్రాక్టీసు కింద మూడేళ్ళు డిబార్ చెయ్యాలని గోవర్ధనం అన్నాడు. అభ్యర్థి అప్పటికే యాభై ఏళ్ళుగా డిబార్ అయినట్టే ఉన్నాడు కనక, శిక్ష కొత్తగా వెయ్యడానికి చోటు లేదని మండలి తేల్చింది. దాని బదులు, ఎవరి జవాబుకి వాళ్ళకి మార్కులిచ్చి, అందరివీ తీసేశాక అభ్యర్థికి ఏం మిగులుతుందో చూడాలని తీర్మానించింది. ఈ ప్రక్రియకి 'శుద్ధ నటన నిర్ధారణ' అని పేరు పెట్టారు. బంగారంలో రాగి తీసేసినట్టు తీసేస్తారట.

వాయిదాకి మస్తాన్ వచ్చాడు. చీరాల మనిషి. ఒకప్పుడు మేడల మీదనుంచి దూకిన ఒళ్ళు ఇప్పుడు మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటోంది. భీమశంకరాన్ని చూడగానే "అన్నా!" అని కావిలించుకున్నాడు. పక్కపక్క బల్లల మీద కూర్చుంటే చూచిరాత అవుతుందని వాళ్ళిద్దర్నీ చెరో మూలా కూర్చోబెట్టారు.

"మీరు అభ్యర్థి స్థానమున ఎన్ని పర్యాయములు దూకినారు?" అన్నారు చైర్మన్ గారు.

"లెక్కేముంది సార్. అన్న దూకాల్సినప్పుడల్లా నేనే."

"ఆ దూకుటలో అభ్యర్థి భాగమెంత?"

"కింద నిలబడి ఏడ్చేవాడు సార్. నా కాలు యాడ విరుగుద్దో అని."

చైర్మన్ గారు ఆసక్తిగా ముందుకి వంగారు. "ఆ ఏడుపు కెమెరాలో పడినదా?"

"లేదు సార్."

"అయితే మార్కులు లేవు."

కామేశం గారు కూడా వచ్చారు. పాపం, ఆయన గొంతు వయసుతో పూర్తిగా పోయింది. గుసగుసగా తప్ప మాట రాదు. తెర మీది గొంతు ఆయనదేనని రుజువు చెయ్యమంటే చెయ్యలేకపోయారు. దాంతో కంఠం మార్కులు ఎవరివో తేలక వాటిని ప్రభుత్వ ఖాతాలో జమ కట్టారు. చీకటి వరండాలో త్రినేత్ర భయపడే సీనులో భయం సగం వయొలిన్లదని తేలింది. వానలో తడిసే సీనులో దైన్యం అగ్నిమాపక శాఖది. తల్లి ఫోటో చూసి పెట్టిన కన్నీరు గ్లిజరినుది. సినిమా రీలు తరవాత రీలు ఎర్ర గీతల్లో మునిగిపోయింది. వాయిదా వాయిదాకీ భీమశంకరం మార్కులు, ఎండాకాలం బావిలో నీళ్ళలా అడుక్కి దిగాయి.

చివరికి మొత్తం సినిమాలో ఎర్ర గీత పడకుండా ఒకే ఒక్క సీను మిగిలింది. స్టేషన్లో టీ తాగే సీను. అందులో మాట లేదు కాబట్టి కామేశం లేడు. దూకుడు లేదు కాబట్టి మస్తాన్ లేడు. వయొలిన్లు కూడా లేవు. నిర్మాత అప్పటికే సినిమా మీద ఆశ వదులుకుని సంగీతం ఆపేశాడు.

"ఇంక నువ్వు పాసైనా, ఫెయిలైనా ఈ సీనే అన్నా," అన్నాడు మస్తాన్ బయట మెట్ల మీద. "ఆ పొద్దున నేనాడే ఉన్నా కదా. గ్లాసులో చుక్క లేదు. పోయి చెప్పేద్దాం పా. నూటికి నూరూ ఇస్తారు."

"నోరెత్తేవంటే చూడు!" భీమశంకరం చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. "చెబితే ఏముందిరా? చెప్పించుకుని అందరూ చూస్తారు. ఆళ్ళంతటాళ్ళు కనిపెట్టాలి. ఇన్నాళ్ళకి గవర్నమెంటంతా ఆ సీను మీదే కూర్చుంది. ఈసారి ఎవడో ఒకడు అంటాడు."

గవర్నమెంటు నిజంగానే కూర్చుంది. ముగ్గురు ఎగ్జామినర్లతో, గోవర్ధనం ఆధ్వర్యంలో 'టీ ఉప సంఘం' వేశారు. వాళ్ళు ఆ సీనుని ముందుకి తిప్పి చూశారు, వెనక్కి తిప్పి చూశారు. నెమ్మదిగా నడిపి చూశారు. చూసిన ప్రతిసారీ క్యాంటీనుకి కబురు పంపి తలో టీ తెప్పించుకున్నారు. అది చూడకుండా ఉండడం, చూశాక తాగకుండా ఉండడం రెండూ వాళ్ళవల్ల కాలేదు. అంతటితో ఆగక క్షేత్ర పరిశీలన అన్నారు. గోవర్ధనం స్వయంగా నాంపల్లి స్టేషన్‌కి వెళ్ళి, స్టీలు గ్లాసులో టీ పోయించుకుని, పట్టాల వైపు చూస్తూ తాగాడు. ఆయన్ని ఒకరు వీడియో తీశారు. తరవాత ఆ వీడియోని, సినిమాని పక్కపక్కన పెట్టి పోల్చారు. గోవర్ధనం టీ తాగడం కంటే తెర మీద భీమశంకరం టీ తాగడమే సహజంగా ఉందని ఉప సంఘంలో ఒక సభ్యుడు అన్నాడట. ఆయన్ని సంఘంలోంచి మార్చేశారు.

ఆఖరి వాయిదాకి వరహాలమ్మ కూడా వచ్చింది. హాల్లో వెనక వరసలో, చీర కొంగు ఒళ్ళో బిగించి పట్టుకుని కూర్చుంది. ఆయన గెలుస్తాడని ఆవిడకి నమ్మకం లేదు. ఓడితే పక్కన మనిషుండాలని వచ్చింది. ఈసారి మస్తాన్‌ని భీమశంకరం పక్కనే కూర్చోనిచ్చారు, కాపీ కొట్టడానికి ఇంకేం మిగల్లేదని.

అనంతపద్మనాభం గారు గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు.

"స్టేషను దృశ్యమును ఉప సంఘము కూలంకషముగా పరిశీలించినది. అభ్యర్థి ఈ దృశ్యములో నటించిన దాఖలాలు ఎచ్చటనూ లభించలేదు."

భీమశంకరం తల ఎత్తి చూశాడు.

"వేడి టీ ఇచ్చినారు, ఊదుకొని తాగినాడు. గ్లాసు కాలినది, చెయ్యి మార్చినాడు. పెదవికి మీగడ అంటినది, తుడుచుకొన్నాడు. సదరు మీగడను ఉప సంఘ సభ్యులు ముగ్గురూ స్పష్టముగా చూచి యున్నారు. టీ చిక్కనిదనియు, గేదె పాలతో కాచినదనియు వారి ఏకగ్రీవ అభిప్రాయము. దాహమైన ఏ పౌరుడైననూ ఇట్లే త్రాగును. ఒక మనిషి టీ త్రాగుటను నటన యని ఒప్పుకొన్నచో రేపు ఈ రాష్ట్రములో బిరుదు ఇవ్వదగని పౌరుడు ఒక్కడూ మిగలడు. కావున ఈ దృశ్యమునకు సున్న మార్కులు."

వెనక వరసలోంచి వరహాలమ్మ "ఓరి నాయనో" అంది.

సున్న అన్న మాట భీమశంకరానికి చెంపదెబ్బలా తగిలింది. ఇన్నేళ్ళుగా దాచుకున్న ఒక్క ముక్కా పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల దించుకుని బల్ల మీద సుద్ద నంబరు వైపు చూస్తూ కూర్చున్నాడు. అలా కూర్చున్నవాడికి, చైర్మన్ గారు చదివిన మాటలు ఒక్కొక్కటే మళ్ళీ వినిపించాయి. మీగడ. ముగ్గురూ చూశారు. చిక్కనిదట. గేదె పాలట.

అప్పుడు వెలిగింది ఆయనకి. ఎవరైనా ఆ సీను దగ్గర ఆగి "ఇక్కడ బాగా నటించావు" అని ఉంటే, నటన కనబడిపోయినట్టే కదా. ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదని కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు. ఎవరూ ఏమీ అనకపోవడమే వాళ్ళిచ్చిన కితాబు. ఒక ప్రభుత్వం ప్రభుత్వమే ఉప సంఘం వేసుకుని, స్టేషన్‌కి వెళ్ళి పోల్చి చూసుకుని, ఖాళీ గ్లాసులో పాలు దేనివో కూడా తేల్చి చెప్పిన తరవాత ఇంకెవరి మెప్పు కావాలి? ఆయనకి ఉన్నపళంగా లేచి గోవర్ధనాన్ని కావిలించుకోవాలనిపించింది.

చైర్మన్ గారు ఇంకా చదువుతూనే ఉన్నారు. "మొత్తము మార్కులు ముప్పది అయిదునకు లోబడి యున్నందున అభ్యర్థి అనుత్తీర్ణుడు. నిబంధనల ప్రకారము తగ్గిన మార్కులే తుది మార్కులు గనుక, ఇకపై ప్రభుత్వ రికార్డులలో త్రినేత్ర పాత్రను అభ్యర్థి ఒక్కసారి కూడా పోషించనట్లుగా నమోదు చేయబడును." ఒక క్షణం ఆగారు. కళ్ళద్దాల పైనుంచి చూశారు. ఆయన గొంతులో ఎన్నడూ లేని మెత్తదనం వచ్చింది. "అయితే తుది తీర్పునకు ముందు అభ్యర్థిని ఒక ప్రశ్న అడుగుట మా విధి. గ్లాసులో ఉన్నది టీ కాదని గానీ, అసలు ఏమియూ లేదని గానీ మీరు చెప్పదలచినచో ఇప్పుడే చెప్పవలెను. సాక్షి ఉన్నచో మరీ మంచిది. అట్లయిన దృశ్యమునకు పూర్తి మార్కులు, బిరుదు, శాలువా, ఉగ్రసేన్ గారి ప్రక్కన పటము. అన్నియు సిద్ధముగా ఉన్నవి."

నిజంగానే సిద్ధంగా ఉన్నాయి. పక్క బల్ల మీద శాలువా మడత పెట్టి ఉంది. గోడ మీద ఉగ్రసేన్ పటం పక్కన కొత్తగా ఒక మేకు కొట్టి ఉంది.

మస్తాన్ మోచేత్తో పొడిచాడు. "చెప్పన్నా! నేనున్నా గదా సాక్షి!" ఆగలేక లేవబోయాడు. "సార్, ఆ గ్లాసులో..."

భీమశంకరం వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. తను లేచాడు. పంచె సర్దుకున్నాడు. చైర్మన్ గారి కళ్ళలోకి సూటిగా చూశాడు.

"టీయేనండి," అన్నాడు. "పంచదార కొంచెం ఎక్కువేశాడు."

గోవర్ధనం సంతృప్తిగా తలాడించాడు. "నేను అప్పుడే అనుకున్నాను సార్. గుక్క దిగగానే మొహం పెట్టిన తీరు చూస్తే తెలిసిపోయింది," అని, పంచదార సంగతి కూడా ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు.

భీమశంకరం వేదికకి రెండు చేతులెత్తి నమస్కారం పెట్టి, వరహాలమ్మని లేవదీసుకుని బయటికి నడిచాడు. పరీక్ష తప్పినవాళ్ళను జీవితమంతా చూసిన అనంతపద్మనాభం గారికి, ఈ అభ్యర్థి ఎందుకంత సంతోషంగా వెళ్తున్నాడో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.